కండరాల గుట్టు విప్పిన గెర్టీ

అన్నం అరిగి చక్కెరగా మారి రక్తంలో కలుస్తుందని మనందరం బళ్ళో చదువుకున్నదే. ఆ తర్వాత? రక్తంలో కలిసిన చక్కెర ఎక్కడికి పోతుంది? ఎవరు పంపితే పోతుంది? మెట్లెక్కినప్పుడు, నీళ్ళ బిందె ఎత్తినప్పుడు, కదిలే బస్సు కోసం పరుగెత్తినప్పుడు కాళ్ళకీ చేతులకీ కావలసిన శక్తి ఏ అరలోంచి వస్తుంది? షుగర్ ఉన్నవాళ్ళని నడవమని డాక్టర్లు అంతగా ఎందుకు చెబుతారు?

ఈ ప్రశ్నలకి జవాబు వెతకడానికే జీవితమంతా ఇచ్చేసిన ఒకావిడ కథ మీకు చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఆమె పేరు గెర్టీ కోరీ. వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న మొట్టమొదటి మహిళ. మేరీ క్యూరీ పేరు మన పిల్లలందరికీ తెలుసు. గెర్టీ పేరు చెబితే మాత్రం పెద్దవాళ్ళు కూడా ఎవరావిడ అంటారు. కానీ షుగర్ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆమె కనిపెట్టిన సంగతులు రోజూ పనికొస్తూనే ఉన్నాయి.

చక్కెర మిల్లు మేనేజరు గారి అమ్మాయి

గెర్టీ 1896 ఆగస్టు 15న ప్రాగ్ నగరంలో పుట్టింది. అప్పట్లో అది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో ఉండేది. యూదుల కుటుంబం. ముగ్గురు ఆడపిల్లల్లో గెర్టీ పెద్దది. తండ్రి ఒట్టో రాడ్నిట్జ్ రసాయన శాస్త్రవేత్త. చక్కెర శుద్ధి చేసే పద్ధతి ఒకటి కనిపెట్టి, చక్కెర మిల్లుల నిర్వహణ చూసేవాడు. చూశారా, చక్కెర ఆమె ఇంట్లోనే ఉంది!

పదేళ్ళు వచ్చేదాకా చదువు ఇంట్లోనే. తర్వాత ఆడపిల్లల బడికి పంపారు. ఆ బళ్ళలో మర్యాదగా మాట్లాడటం, నలుగురిలో మెలగడం బాగా నేర్పేవారు గానీ, విశ్వవిద్యాలయంలో చేరడానికి కావలసిన చదువు చెప్పేవారు కాదు. పిల్లల వైద్యంలో ప్రొఫెసర్‌గా ఉన్న మేనమామ ఆమెను డాక్టరు చదవమని ప్రోత్సహించాడు. పదహారేళ్ళ గెర్టీ సరేననుకుంది. తీరా చూస్తే ఆమెకి లాటిన్ రాదు, లెక్కలు చాలవు, భౌతిక, రసాయన శాస్త్రాలు దాదాపు లేవు. మగపిల్లలు ఏళ్ళ తరబడి నేర్చుకునే ఆ పాఠాలన్నీ ఏడాది తిరిగేసరికి నేర్చేసుకుంది. 1914లో ప్రాగ్‌లోని జర్మన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరింది.

అక్కడే కార్ల్ కోరీ పరిచయమయ్యాడు. ఇద్దరిదీ ఒకే ఈడు. ఇద్దరికీ కొండలెక్కడం ఇష్టం. రోగుల్ని చూడటం కంటే రోగం ఎందుకొచ్చిందో తవ్వి తీయడం ఇంకా ఇష్టం. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి కార్ల్‌ని సైన్యంలోకి లాక్కుపోయింది. యుద్ధం అయ్యాక మళ్ళీ కలుసుకున్నారు. 1920లో ఇద్దరూ డాక్టర్ పట్టా పుచ్చుకున్నారు, అదే ఏడాది పెళ్ళి చేసుకున్నారు. యూదుల పిల్లని చేసుకుంటే అబ్బాయి భవిష్యత్తు ఏమవుతుందోనని కార్ల్ తరఫువాళ్ళు వెనకాడారు. గెర్టీ కేథలిక్ మతం పుచ్చుకుంది. అయినా ఆ రోజుల్లో యూరప్‌లో పుట్టుకని మరిచిపోయేవాళ్ళు తక్కువ.

పెళ్ళయ్యాక వియన్నాలో పిల్లల ఆసుపత్రిలో గెర్టీకి పని దొరికింది. యుద్ధం తర్వాత రోజులు కదా, నగరమంతా కరువే. సరైన తిండి లేక ఆమెకే కళ్ళు పొడిబారే జబ్బు వచ్చింది. ఎ విటమిన్ లోపం వల్ల వచ్చే జబ్బు అది. పుట్టింటికి వెళ్ళి కడుపునిండా తిన్నాకగానీ తేరుకోలేదు. తిండికీ ఒంటికీ ఉన్న సంబంధం ఆమెకి పుస్తకాల్లో మాత్రమే తెలిసింది కాదన్నమాట.

ఇన్సులిన్ వచ్చిన ఏడాది

1922లో కార్ల్‌కి అమెరికాలోని బఫెలో నగరంలో క్యాన్సర్ పరిశోధన సంస్థలో ఉద్యోగం వచ్చింది. ఆరు నెలల తర్వాత గెర్టీ కూడా వెళ్ళింది. బఫెలో నయాగరా జలపాతానికి దగ్గర్లోనే ఉంటుంది. అక్కణ్ణుంచి సరిహద్దు దాటితే కెనడా. ఆ కెనడాలోనే, టొరంటో నగరంలో, అదే 1922 జనవరిలో షుగర్ వ్యాధితో చావుబతుకుల్లో ఉన్న ఒక అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు షుగర్ వచ్చిన పిల్లల్ని తల్లులు రోజురోజుకీ ఎండిపోతుంటే చూస్తూ కూర్చోవడమే. ఇన్సులిన్ వాళ్ళకి ప్రాణం పోసింది.

ప్రాణం పోసిన మాట నిజమే. అయితే అది ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తోంది? రక్తంలో చక్కెర తగ్గుతోంది, సరే. తగ్గిన చక్కెర ఏమైంది? కాలిపోయిందా, ఎక్కడన్నా దాగిందా? గెర్టీ, కార్ల్ పట్టుకున్న ప్రశ్న ఇదీ.

వాళ్ళు ఎంచుకున్న పద్ధతి మన ఇంటి పద్దు రాసినట్టే ఉంటుంది. ఎలుకలకి ఇంత అని తూచి చక్కెర పెట్టేవారు. కొంతసేపయ్యాక అందులో ఎంత ఒంటికి పట్టింది, ఎంత కాలిపోయింది, ఎంత కాలేయంలో చేరింది, ఎంత కండరాల్లో చేరింది అని లెక్క కట్టేవారు. జమా ఖర్చు సరిపోయేదాకా వదిలేవారు కాదు. కొలతల విషయంలో గెర్టీ పట్టుదల ఇంతా అంతా కాదు. ఇన్సులిన్ ఇచ్చినప్పుడు కండరాలకి వెళ్ళే చక్కెర వాటా పెరగడం వాళ్ళు గమనించారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒంట్లో మిగిలిన చక్కెర అలాగే నిలవ ఉండదు. ఒకదానికొకటి గొలుసులా పేర్చుకుని గ్లైకోజెన్ అనే పదార్థంగా మారి నిలవ ఉంటుంది. మన ఒంట్లో దానికి రెండు పెద్ద చోట్లున్నాయి. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిట్లో కలిపి సుమారు 400 గ్రాములు. రక్తంలో తిరిగే చక్కెర మాత్రం ఒక చెంచాడే, అంటే అయిదు గ్రాముల లోపు. ఆ చెంచాడు పెరిగినా తరిగినా ప్రమాదమే. అందుకే నిలవ చేయడం, తీసి వాడుకోవడం అనే పని రాత్రింబవళ్ళు సాగుతూనే ఉంటుంది.

భార్యతో పని మానుకోమన్నారు

బఫెలోలో గెర్టీకి ఇచ్చింది చిన్న ఉద్యోగం. మైక్రోస్కోపు ముందు కూర్చుని తన గదిలో తన పని చూసుకోవాలనీ, భర్తతో కలిసి పరిశోధన చేస్తే ఉద్యోగం పోతుందనీ పైవాళ్ళు హెచ్చరించారు. ఆమె తన పని చేస్తూనే సందు దొరికినప్పుడల్లా కార్ల్ ప్రయోగశాలకి వెళ్ళేది. కొన్నాళ్ళకి పైవాళ్ళే ఊరుకున్నారు.

మరోచోట కార్ల్‌కి మంచి ఉద్యోగం ఇస్తామన్నారు, కానీ భార్యతో కలిసి పనిచేయడం మానుకోవాలని షరతు పెట్టారు. అంతటితో ఆగక గెర్టీని పక్కకి పిలిచి, భర్త ఎదుగుదలకి ఆమే అడ్డమనీ, మొగుడూ పెళ్ళాం కలిసి పనిచేయడం అమెరికా పద్ధతి కాదనీ చెప్పారు. ఆమె కన్నీళ్ళు పెట్టుకుంది. కార్ల్ ఆ ఉద్యోగమే వద్దన్నాడు. నాకు ఈ కథలో బాగా నచ్చిన మనిషి గెర్టీ అయితే, ఆ తర్వాత కార్లే.

సగం కాలిన బొగ్గు కథ

1929కల్లా ఆ దంపతులు ఒక పెద్ద సంగతి తేల్చారు. ఎలుకలకి అడ్రినలిన్ ఇచ్చి చూస్తే కండరాల్లో గ్లైకోజెన్ తగ్గుతోంది. చిత్రం ఏమిటంటే, కాలేయంలో మాత్రం పెరుగుతోంది. కండరంలో పోయింది కాలేయంలోకి ఎలా వచ్చింది?

మన చిన్నప్పటి కట్టెల పొయ్యి గుర్తు తెచ్చుకోండి. వంటయ్యాక సగం కాలిన కట్టె మీద నీళ్ళు చల్లి ఆర్పి, ఆ బొగ్గులు దాచి, మళ్ళీ కుంపట్లో వాడేవాళ్ళు. ఒంట్లోనూ అంతే. మనం గబగబా పని చేసినప్పుడు కండరానికి ప్రాణవాయువు చాలినంత అందదు. అప్పుడు చక్కెర సగమే కాలి లాక్టిక్ ఆమ్లంగా మిగులుతుంది. ఆ సగం కాలిన బొగ్గుని ఒళ్ళు పారేయదు. రక్తం దాన్ని కాలేయానికి చేరవేస్తుంది. కాలేయం తన దగ్గరున్న ఇంధనం కొంత ఖర్చు పెట్టి దాన్ని మళ్ళీ చక్కెరగా చేస్తుంది. ఆ చక్కెర తిరిగి రక్తంలోకి, రక్తంలోంచి కండరానికి. ఈ రాకపోకలకే కోరీ చక్రం అని పేరు. ఇప్పుడు మన ఇంటర్, డిగ్రీ పిల్లలు చదివే పాఠం అదే.

అన్నట్టు, వ్యాయామం మొదలుపెట్టిన మర్నాడు ఒళ్ళు నొప్పులొస్తే లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందంటారు చాలామంది. అది నిజం కాదు. ఆ ఆమ్లం గంట, రెండు గంటల్లోనే ఖర్చయిపోతుంది. మర్నాటి నొప్పి అలవాటు లేని పనివల్ల కండరపు పోగులు కాస్త దెబ్బతినడం వల్ల వచ్చేది. భయపడి మానేయక్కర్లేదు.

అదే రోజుల్లో బోస్టన్‌లోని హార్వర్డ్ వైద్య కళాశాలలో మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా కండరాల గుట్టే వెతుకుతున్నాడు. ఫిస్క్ అనే ఆచార్యుడితో కలిసి భాస్వరాన్ని కొలిచే సులువైన పద్ధతిని 1925లో ప్రకటించాడు. కండరం క్షణాల్లో వాడుకునే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని 1927లో వాళ్ళిద్దరూ బయటపెట్టారు. కండరంలో శక్తికీ భాస్వరానికీ ఉన్న బంధం ఇలా ఒక్కో చోట ఒక్కో ముడి వీడింది. అందులో తర్వాతి ముడి విప్పింది గెర్టీ దంపతులే.

జీతం తక్కువ, పని ఎక్కువ

1931లో సెయింట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కార్ల్‌ని ఒక శాఖకే అధిపతిగా పిలిచింది. గెర్టీకీ చోటిచ్చింది, పరిశోధన సహాయకురాలిగా. జీతం భర్త జీతంలో చిన్న వంతు. పని మాత్రం సమానం. ప్రయోగాల విషయంలో ఆమెదే పైచేయి అని అక్కడ పనిచేసినవాళ్ళే చెప్పుకునేవారు.

1936లో కండరంలో గ్లైకోజెన్ గొలుసు విడిపోయేటప్పుడు పుట్టే ఒక కొత్త పదార్థాన్ని వాళ్ళు పట్టుకున్నారు. చక్కెరకి భాస్వరం అతుక్కుని ఉండే ఆ పదార్థానికి కోరీ ఎస్టర్ అని పేరొచ్చింది. గొలుసుని తెంపే ఎంజైమునీ తర్వాత పట్టుకున్నారు. పరీక్షనాళికలోనే గ్లైకోజెన్‌ని తయారుచేసి చూపించారు. ఆ 1936లోనే వాళ్ళకి కొడుకు పుట్టాడు. అప్పటికి గెర్టీకి నలభై ఏళ్ళు. కాన్పుకి వెళ్ళేదాకా ప్రయోగశాలలోనే ఉంది.

ఆమెను పూర్తి స్థాయి ప్రొఫెసర్‌ని చేసింది 1947లో. అంటే అక్కడ చేరిన పదహారేళ్ళకి. అదే ఏడాది అక్టోబరులో నోబెల్ బహుమతి ప్రకటించారు. సగం కోరీ దంపతులకి, మిగతా సగం అర్జెంటీనా శాస్త్రవేత్త బెర్నార్డో ఉసాయ్‌కి. ఆ ఏడాది ఆగస్టు 15న మనం స్వాతంత్ర్యం తెచ్చుకున్న రోజున ఆమెకి 51 ఏళ్ళు నిండాయి.

సంతోషం వెనకాలే పిడుగు పడింది. ఆ వేసవిలో కొండలెక్కుతుండగా ఆమె స్పృహ తప్పింది. పరీక్షలు చేస్తే ఎముకల మజ్జ పాడయ్యే జబ్బని తేలింది. రక్తం తయారు కాదు. మందు లేదు. అది తెలిసే బహుమతి తీసుకోవడానికి స్టాక్‌హోమ్ వెళ్ళింది. ఆ తర్వాత పదేళ్ళు రక్తం ఎక్కించుకుంటూ బతికింది. ప్రయోగశాలలోనే ఒక చిన్న మంచం వేయించుకుని, ఓపికున్నంతసేపు పనిచేసి, లేనప్పుడు నడుం వాల్చేది.

ఆమె చేసిన గొప్ప పనుల్లో ఒకటి ఆ పదేళ్ళలోనే జరిగింది. కొందరు పసిపిల్లలకి పుట్టుకతోనే కాలేయం వాచిపోయి, కాస్త ఆలస్యంగా పాలిస్తే చాలు రక్తంలో చక్కెర పడిపోయేది. కాలేయంలో గ్లైకోజెన్ నిండుగా ఉన్నా చక్కెర మాత్రం బయటికి రాదు. ఎందుకని? నిలవ ఉన్న చక్కెరని రక్తంలోకి వదిలే ఎంజైము ఒకటి ఆ పిల్లల కాలేయంలో లేదని 1952లో ఆమె, కార్ల్ కలిసి తేల్చారు. పుట్టుకతో వచ్చే ఒక జబ్బుకి ఫలానా ఎంజైము లేకపోవడమే కారణమని రుజువైన తొలి సందర్భాల్లో అదొకటి. ఈ రోజు అలాంటి పిల్లలకి వేళ తప్పకుండా పచ్చి మొక్కజొన్న పిండి నీళ్ళలో కలిపి తాగిస్తూ, ఆ చక్కెర మెల్లగా అందేలా చూసి పెంచుకుంటున్నారు.

1957 అక్టోబరు 26న గెర్టీ సెయింట్ లూయీలో కన్నుమూసింది. ఆ దంపతుల ప్రయోగశాలలో పనిచేసినవాళ్ళలో ఆరుగురు తర్వాత నోబెల్ అందుకున్నారు. 2008లో అమెరికా ఆమె పేరిట తపాలా బిళ్ళ వేసింది. దాని మీద కోరీ ఎస్టర్ బొమ్మలో చిన్న తప్పు దొర్లింది. కొలతల్లో ఆవగింజంత తేడా ఒప్పుకోని గెర్టీ చూసి ఉంటే ఏమనేదో!

ఊరి గాదె, ఇంటి డబ్బా

ఇప్పుడు మన ఇంటి సంగతికొద్దాం. ఇందాకటి ఎంజైము ఉంది చూశారూ, అది కాలేయంలో ఉంటుంది, కండరంలో ఉండదు. అంటే కాలేయం ఊరుమ్మడి గాదె లాంటిది. ఎవరికి కావాలన్నా తలుపు తీసి ఇస్తుంది. కండరం ఎవరింటి బియ్యం డబ్బా వాళ్ళదే. లోపలికి వెళ్ళిన గింజ గింజగా బయటికి రాదు. ఆ ఇంట్లోనే వండుకోవాలి, అంటే ఆ కండరమే కదిలి ఖర్చు పెట్టాలి. డబ్బా ఖాళీ కాకపోతే కొత్త బియ్యం ఎక్కడ పోస్తాం? మనం తిన్న చక్కెరలో ఎక్కువ భాగం దాచే చోటు కండరమే. అది నిండిపోయి కదలకుండా కూర్చుంటే రక్తంలో చక్కెర ఎటు పోవాలి?

ఇక తలుపు సంగతి. చక్కెర కండరంలోకి వెళ్ళడానికి సన్నని ద్వారాలుంటాయి. మామూలప్పుడు అవి కణం లోపల దాగి ఉంటాయి. ఇన్సులిన్ వచ్చి తట్టితే పైకొచ్చి తెరుచుకుంటాయి. పెద్ద వయసులో వచ్చే షుగర్‌లో ఇన్సులిన్ తట్టినా కణానికి సరిగా వినపడదు. గెర్టీ పోయిన కొన్ని దశాబ్దాలకి శాస్త్రవేత్తలు తేల్చిన చల్లని కబురు ఏమిటంటే, కండరం కదిలితే ఇన్సులిన్ తట్టకపోయినా అవే ద్వారాలు తెరుచుకుంటాయి. నడక ఆపాక కూడా కొన్ని గంటలపాటు, ఒక్కోసారి ఒకటి రెండు రోజులు, ఇన్సులిన్ మాట కండరం బాగా వింటుంది. అందుకే వారానికోసారి ఎక్కువగా నడవడం కంటే రోజూ కాసేపు నడవడం మేలు.

మా అమ్మకి పదిహేనేళ్ళుగా షుగర్ ఉంది. పొద్దస్తమానం ఇంట్లో తిరుగుతూనే ఉంటాను, మళ్ళీ వేరే నడక ఎందుకని అమ్మ వాదన. మన ఇళ్ళలో ఎంతమంది అమ్మలది ఇదే మాటో! ఇంటిపని వృథా అని నేననను, ప్రతి కదలికా లెక్కే. కానీ వంటింట్లోంచి హాల్లోకి నాలుగడుగులు వేసి ఆగడం వేరు, గుండె కాస్త వేగంగా కొట్టుకునేలా ఆపకుండా నడవడం వేరు. రాత్రి భోజనమయ్యాక పావుగంట డాబా మీద నడవమని బతిమాలి ఒప్పించాను. నడిచిన రోజుకీ నడవని రోజుకీ తేడా మీటరులో తన కళ్ళతో చూసుకున్నాక ఇక నేను చెప్పే పని లేకపోయింది.

2023లో వెలువడిన వైద్య పరిశోధన మండలి సర్వే లెక్కల ప్రకారం మన దేశంలో దాదాపు 10 కోట్ల మందికి షుగర్ ఉంది. గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి కాన్పుతో తగ్గినవాళ్ళకి తర్వాత మళ్ళీ వచ్చే అవకాశం ఎక్కువ. ముట్లు ఆగిపోయాక ఆడవాళ్ళలో కండ తగ్గుతూ వస్తుంది. కండ తగ్గడమంటే చక్కెర దాచుకునే డబ్బా చిన్నదవడమే. పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలనీ, రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేచి కూర్చోవడం, నీళ్ళ సీసాలు పట్టుకుని చేతులు ఎత్తి దించడం, ఇవీ అందులోకే వస్తాయి. జిమ్ముకే వెళ్ళాలని లేదు.

ఒక్క జాగ్రత్త. మామూలు మనిషి నడుస్తుంటే ఒంట్లో ఇన్సులిన్ తనంతట తానే తగ్గుతుంది, కాలేయం గాదె తలుపు తీస్తుంది. సూదితో వేసుకున్న ఇన్సులిన్ అలా తగ్గదు. కొన్ని రకాల షుగర్ మాత్రలూ అంతే. అందుకని వాటిమీద ఉన్నవాళ్ళకి వ్యాయామంలో చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం రావచ్చు. ఎంత నడవాలో, ఎప్పుడు నడవాలో డాక్టరుని అడిగి మొదలుపెట్టండి. కొంగున నాలుగు చెంచాల చక్కెరో గ్లూకోజో కట్టుకుని వెళ్ళండి. కాళ్ళకి సరైన చెప్పులు వేసుకోండి, ఇంటికొచ్చాక పాదాలు చూసుకోండి. మందు మాత్రం మీ అంతట మీరు మానేయకండి.

గెర్టీకి కొండలెక్కడం ప్రాణం. చివరి పదేళ్ళూ ఆ ఒళ్ళు ఆమె మాట వినలేదు, కొన్ని రోజులు ప్రయోగశాలలో నాలుగడుగులు వేయడానికీ భర్త చేయి కావలసి వచ్చింది. అయినా కండరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం మానలేదు. కదలగలిగే కాళ్ళు మనకున్నాయి. అవి ఎందుకు కదలాలో ఆమె చెప్పే వెళ్ళింది. ఈ సాయంత్రం పొయ్యి కట్టేశాక చెప్పులేసుకుని బయల్దేరండి. పక్కింటి వదినని కూడా పిలవండి, కబుర్లలో పావుగంట ఇట్టే గడిచిపోతుంది.